మంచు కురిసే ఊరి కోసం: రెండు శీతాకాలాల యూరప్ అనుభవాలు

తెలుగులో మంచు అనే ఒక్క మాటతోనే పొగమంచునూ, తెల్లవారుజామున గడ్డి మీద నిలిచే బిందువులనూ, హిమాలయ శిఖరాల మీది హిమాన్నీ చెప్పుకుంటాం. మా అమ్మాయి "మంచు చూడాలి" అని మొదటిసారి అడిగినప్పుడు ఈ మాటలోని వెసులుబాటును వాడుకుని లంబసింగి తీసుకెళ్లి, లోయంతా పరుచుకున్న తెల్లటి పొగను చూపించి ఊరుకున్నాం. దానికి కావలసింది చేతిలోకి తీసుకుని, ఉండ చేసి, వాళ్ల నాన్న మీదికి విసరగలిగే మంచు అని ఆ తరువాత తెలిసింది. ఆ మంచు కోసం యూరప్‌కు రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి ఊళ్ల పేరు ప్రతిష్ఠలు చూసి ఎంచుకున్నాం, రెండవసారి పటం ముందు పెట్టుకుని ఎంచుకున్నాం. రెండుసార్లూ మేము నలుగురం: నేను, మా వారు, అమ్మాయి, అరవై ఎనిమిదేళ్ల మా అత్తగారు.

మొదటి ప్రయాణం డిసెంబరు చివరి వారంలో చెక్ రిపబ్లిక్‌లోని ప్రాగ్, ఆస్ట్రియాలోని వియన్నా, ఇన్స్‌బ్రుక్ నగరాలకు. క్రిస్మస్ సంతల ఫొటోలలో ప్రాగ్ పైకప్పులన్నీ తెల్లగా కనిపిస్తాయి కనుక అక్కడ ఆ వారంలో మంచు తప్పక ఉంటుందని నమ్మాం. మేము ఉన్న మూడు రోజులూ సన్నటి వాన కురిసింది. చార్లెస్ వంతెన మీద గొడుగులు పట్టుకుని నడిచాం. వియన్నాలో వాన కూడా లేదు, బూడిద రంగు ఆకాశమూ చలిగాలీ మాత్రమే ఉన్నాయి. ఇందులో ఆ నగరాల తప్పేమీ లేదు. ప్రాగ్ సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తులోనే ఉంది, వియన్నా నడిబొడ్డు అంతకన్నా దిగువన ఉంది. పడమటి నుంచి అట్లాంటిక్ గాలి వీచినన్నాళ్లూ అక్కడ పడేది వానే. క్రిస్మస్ రోజుల్లో మధ్య యూరప్‌లో తరచుగా వచ్చే ఈ వెచ్చదనానికి జర్మన్ భాషలో "క్రిస్మస్ కరుగుదల" అనే అర్థం వచ్చే పేరు కూడా ఉందని వియన్నాలో మా వసతి గృహం యజమానురాలు చెప్పినప్పుడు, ఈ సంగతి టికెట్లు కొనకముందే తెలుసుకోలేకపోయామే అని నొచ్చుకున్నాం. ప్రాగ్‌లో మరో పొరపాటు కూడా చేశాం. పాత పట్టణంలో ఉందన్న ఒక్క ఆకర్షణతో తీసుకున్న అపార్ట్‌మెంట్‌కు లిఫ్టు లేదు. నాలుగంతస్తులు రోజుకు రెండుసార్లు ఎక్కిన మా అత్తగారు తిరుమల మెట్లు ఎక్కినా ఇంత ఆయాసం రాలేదన్నారు. పెద్దవాళ్లతో వెళ్లేవారు గది ఫొటోలకన్నా ముందు లిఫ్టు ఉందో లేదో చూసుకోవాలి.

ఇన్స్‌బ్రుక్ ఈ రెండింటికీ భిన్నమైన ఊరు. వియన్నా నుంచి రైలులో నాలుగు గంటలకు పైగా పడుతుంది. చుట్టూ ఆల్ప్స్ గోడల్లా నిలబడి ఉంటాయి, ఊరు 574 మీటర్ల ఎత్తున ఇన్ నది లోయలో ఉంటుంది. 1964లోనూ 1976లోనూ శీతాకాల ఒలింపిక్స్ జరిగిన ఊరు కదా, ఇక్కడైనా వీధుల్లో మంచు ఉంటుందనుకున్నాం. దక్షిణం నుంచి కొండలు దాటి దిగే ఫోన్ అనే పొడి వెచ్చగాలి ఆ ముందు రోజే వీచి, ఊళ్లో ఉన్న కాస్త మంచునూ కరిగించేసింది. నిజానికి 1964 ఒలింపిక్స్‌లోనే మంచు చాలక, ఆస్ట్రియా సైనికులు 40,000 ఘనపు మీటర్ల మంచునూ 20,000 మంచు దిమ్మెలనూ పైనుంచి మోసుకొచ్చి పోటీలు జరిపించారు. ఒలింపిక్స్‌కే తప్పని తిప్పలు మాకు తప్పుతాయా?

అయితే ఇన్స్‌బ్రుక్‌లో ఊరికీ మంచుకూ మధ్య దూరం అరగంట కూడా లేదు. ఊరి మధ్యలోని కాంగ్రెస్ స్టేషన్‌లో, జహా హదీద్ రూపకల్పన చేసిన హుంగర్‌బుర్గ్ కొండరైలు ఎక్కి, తరువాత కేబుల్ కారులోకి మారితే 1,905 మీటర్ల ఎత్తున ఉన్న సేగ్రూబె చేరుకుంటాం. కింద తడి వీధుల్లో చేతి తొడుగులు కూడా అవసరం లేకుండా బయలుదేరిన మేము, అక్కడ తలుపు తెరుచుకోగానే మోకాలి లోతు మంచులో కాలు పెట్టాం. అమ్మాయి మొదటి ఉండ అక్కడే విసిరింది. మరో కేబుల్ కారులో సుమారు 2,250 మీటర్ల ఎత్తున హాఫెలెకార్ వరకూ వెళ్లవచ్చు కానీ, గాలి ఎక్కువగా ఉండటంతో అత్తగారిని సేగ్రూబెలోని రెస్టారెంటులో కూర్చోబెట్టి మేము ముగ్గురమే వెళ్లి పది నిమిషాల్లో తిరిగొచ్చాం. ఇక్కడ ఇన్స్‌బ్రుక్ కార్డు తీసుకోవడం మా ప్రయాణం మొత్తంలో చేసిన మంచి పనుల్లో ఒకటి. 24, 48, 72 గంటలకు దొరికే ఈ కార్డులో ఊరి బస్సులూ, మ్యూజియాలూ, కొండ మీదికి ఒకసారి ఎక్కి దిగడమూ కలిసి ఉంటాయి. కేబుల్ కారు టికెట్టు విడిగా కొంటే అయ్యే ఖర్చు చూసినవారికి ఈ కార్డు విలువ వెంటనే అర్థమవుతుంది. ఒక్క రోజు మంచులో ఆడుకుని, రాత్రికి పొడి వీధుల్లో నడిచి, బంగారు కప్పు భవనం ముందు ఫొటో దిగి, గదికి చేరాలనుకునేవారికి ఇంతకన్నా సౌకర్యమైన ఊరు నాకు తెలియదు. మా అమ్మాయి మాత్రం తృప్తి పడలేదు. "కిటికీ తెరిస్తే మంచు కనపడాలి, మంచు దగ్గరికి టికెట్టు కొనుక్కుని వెళ్లడమేమిటి?" అన్నది దాని వాదన. వాదన సబబుగానే ఉంది.

రెండేళ్ల తరువాత మళ్లీ బయలుదేరే ముందు మూడు విషయాలు చూసుకున్నాం: ఊరు ఎంత ఎత్తున ఉంది, ఎంత ఉత్తరాన ఉంది, సముద్రానికి ఎంత దూరంలో ఉంది. నెల కూడా మార్చుకున్నాం. క్రిస్మస్‌కు పేరు ఎక్కువ గానీ, ఉత్తర యూరప్‌లో మంచు మేట బాగా పేరుకునేది ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. పోలండ్‌లోని జకోపానె ఖర్చు తక్కువలో దొరికే కొండ ఊరు, క్రాకౌ నుంచి సుమారు 100 కిలోమీటర్లు. అయితే అది ప్రధానంగా స్కీయింగ్ చేసేవారి ఊరు, మాలో ఎవరికీ స్కీయింగ్ రాదు. ఎస్టోనియా రాజధాని టాలిన్ పాత పట్టణం మంచులో ఎంతో ముచ్చటగా ఉంటుంది, కానీ బాల్టిక్ సముద్రం పక్కనే ఉండటంతో ఒక వారం మంచు, మరో వారం బురద. నార్వేలోని ట్రోమ్సో ఆర్కిటిక్ వృత్తానికి 350 కిలోమీటర్ల ఉత్తరాన ఉన్నా, వెచ్చని సముద్ర ప్రవాహం పుణ్యమా అని అక్కడి చలి అంత తీవ్రంగా ఉండదు. మంచు మాత్రం విపరీతంగా కురుస్తుంది, 1997 ఏప్రిల్‌లో 240 సెంటీమీటర్ల మేట నమోదైంది. ఓస్లోలో ఉద్యోగం చేస్తున్న మా ఆడపడుచు కొడుకు అక్కడ శీతాకాలంలో ఉన్నవాడు. మంచు మధ్యలో వాన పడి, అది రాత్రికి గడ్డకట్టి, పొద్దున్న వీధులు అద్దంలా జారుతాయని, అమ్మమ్మను తీసుకొస్తే ఇబ్బందేనని చెప్పాడు. ఆ మాటతో ట్రోమ్సోను పక్కన పెట్టాం. మిగిలింది ఫిన్లాండ్‌లోని రొవానియెమి. ఆర్కిటిక్ వృత్తానికి సుమారు ఎనిమిది కిలోమీటర్ల దక్షిణాన, సముద్రానికి దూరంగా, రెండు నదులు కలిసే చోట ఉంది. ఫిబ్రవరిలో అక్కడి సగటు ఉష్ణోగ్రత మైనస్ 10 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది కనుక కురిసిన మంచు కరిగే అవకాశం తక్కువ. డిసెంబరు నడుమ రెండు గంటలకు కాస్త ఎక్కువగా మాత్రమే ఉండే పగలు ఫిబ్రవరి మధ్యకు ఎనిమిది గంటలకు పెరుగుతుంది. పిల్లలతో వెళ్లేవారికి ఈ తేడా చిన్నదేమీ కాదు.

యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకటే అయిన షెంగెన్ వీసాకు ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలి. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి, 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు, ఆలస్యం చేయకపోవడం మేలు. సామాను విషయంలో చాలామందికి తెలియనిది ఒకటుంది. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసమూ, పాల పదార్థాలూ వెంట తీసుకెళ్లకూడదు. అంటే ఇంట్లో కాచిన నెయ్యి కూడా పనికిరాదు. అత్తగారు అలిగి నేతి సీసా ఇంట్లోనే వదిలి, ఆవకాయ, కందిపొడి, పులిహోర పొడి మాత్రం సర్దుకున్నారు. రొవానియెమి సూపర్ మార్కెట్లో ఉప్పు లేని వెన్న కొని, గదిలోనే కాచుకుని, ఆ అలక తీర్చుకున్నారు.

హెల్సింకి నుంచి రొవానియెమికి విమానం ఉన్నా రాత్రి రైలునే ఎంచుకున్నాం. సుమారు 12 గంటల ప్రయాణం. రెండంతస్తుల పడక పెట్టెలలో పై అంతస్తు గదులకు సొంత స్నానపు గది ఉంటుంది, ఒక్కో గదిలో రెండు బెర్తులు. మన రైళ్లలో ఏసీ మొదటి తరగతితో పోలిస్తే గది ఇరుకు, శుభ్రత ఎక్కువ. పొద్దున్నే లేచి కిటికీ తెర తీస్తే నీలం రంగు వెలుతురులో మంచు కప్పుకున్న దేవదారు వంటి చెట్లు గంటల తరబడి సాగిపోయాయి. అమ్మాయి టిఫిన్‌కు కూడా కిటికీ వదలలేదు.

ఊరి మధ్యలో, స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో, వంటగదీ, సౌనా అనే వేడి ఆవిరి గదీ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, ఈసారి లిఫ్టు చూసుకునే. బయట మైనస్ 22 ఉన్న రోజున కూడా లోపల పలుచటి చొక్కాతో తిరిగాం. అక్కడి కార్ల పార్కింగుల్లో ప్రతి కారు ముందూ కరెంటు ప్లగ్గు పెట్టిన స్తంభం ఉంటుంది. రాత్రంతా నిలిపిన ఇంజను పొద్దున్న కదలాలంటే ముందు దాన్ని వేడి చేయాలి. ఆ చలి మనం అనుకునేలా వణికించే చలి కాదు. గాలి పొడిగా ఉంటుంది, ముక్కు లోపల చిన్నగా పట్టేసినట్టు అనిపిస్తుంది, కాలి కింద మంచు కళ్లుప్పు తొక్కినట్టు కిర్రుమంటుంది. ఒంటికి తగిలేది ఉన్ని, దాని మీద మెత్తటి ఫ్లీస్, పైన గాలి చొరనివ్వని కోటు: ఈ మూడు పొరలు చాలు. నూలు బనియన్లు మాత్రం చెమటను పట్టి ఉంచి చలి పెంచుతాయి. కాలిబాటల మీద కంకర పొడి చల్లుతారు కనుక ట్రోమ్సో గురించి విన్న భయం ఇక్కడ చాలావరకు తీరింది. అయినా బూట్లకు తగిలించుకునే ముళ్ల రబ్బరు పట్టీలు అత్తగారికి మొదటి రోజే కొన్నాం. పొడిమంచు ఉండ కట్టదని మాత్రం ఎవరూ చెప్పలేదు. చేతిలోకి తీసుకుంటే బియ్యప్పిండిలా జారిపోయింది. ఉండలకు ఇన్స్‌బ్రుక్ మంచే నయమని అమ్మాయి తేల్చింది, జారుడు తొట్టి కొనిచ్చాక ఆ ఫిర్యాదు మరిచిపోయింది.

సాంటా క్లాజ్ గ్రామానికి 8వ నంబరు సిటీ బస్సులో వెళ్లాం. లోపలికి ప్రవేశం ఉచితం, సాంటాను కలవడమూ ఉచితమే, ఫొటోకు మాత్రం డబ్బులు. నేల మీద ఆర్కిటిక్ వృత్తం గీత గీసి ఉంటుంది. అసలు వృత్తం ఏటా 14, 15 మీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతోంది కనుక, ఫొటో దిగినవారంతా దిగింది పాత గీత మీదే. అక్కడి పోస్టాఫీసు మాకు బాగా నచ్చింది. ఒక డబ్బాలో వేసిన ఉత్తరం వెంటనే వెళుతుంది, మరో డబ్బాలో వేసినది వచ్చే క్రిస్మస్‌కు చేరుతుంది. మిగతా గ్రామం చాలావరకు దుకాణాలే, పూట చాలు. ఆర్కిటికుమ్ మ్యూజియానికి మాత్రం సగం రోజు కేటాయించాలి. 1944లో వెనుదిరిగే జర్మన్ సేనలు ఊరిని దాదాపు పూర్తిగా తగలబెట్టిన తరువాత ఫిన్లాండ్ వాస్తుశిల్పి అల్వార్ ఆల్టో కొత్త పటం గీశాడు. ఆ వీధుల పటం రెయిన్‌డీర్ తల ఆకారంలో ఉంటుంది. యుద్ధానికి ముందు, తరువాత ఊరు ఎలా ఉందో చూపే నమూనాల ముందు మా వారు గంటసేపు నిలబడ్డారు.

మాకు చేదు అనుభవం కుక్కలు లాగే బండి విషయంలో ఎదురైంది. ప్రకటనలో రెండున్నర గంటలు అని రాసి ఉంది. అందులో వ్యాను ప్రయాణం, చలి దుస్తులు మార్చుకోవడం, పళ్లరసం తాగడం అన్నీ కలిపి లెక్కేశారని, బండి మీద ఉండేది ఇరవై నిమిషాలేనని అక్కడికి వెళ్లాక తెలిసింది. కుక్కలు ఉత్సాహంగా ఉన్నాయి, వాటిని చక్కగా చూసుకుంటున్నారు. కానీ చెల్లించిన సొమ్ముకు ఆ ఇరవై నిమిషాలు తక్కువే. ఇలాంటివి ముందుగా చేసుకునేవారు ఎన్ని గంటలని కాక, బండి మీద ఎన్ని కిలోమీటర్లని అడగాలి. ఆకాశం చూస్తూ పడుకునే గాజు ఇగ్లూలో ఒక రాత్రి గడిపాం. దాని అద్దె మా అపార్ట్‌మెంట్‌లో మూడు రాత్రులతో సమానం. ఆ రాత్రి మబ్బు పట్టింది, ఉత్తరాది ఆకాశంలో రాత్రిపూట మెరిసే రంగుల వెలుగు, అరోరా, కనిపించలేదు. మరుసటి రాత్రి పది గంటలకు, నది ఒడ్డున వంతెన దీపాలకు కాస్త దూరంగా నడిచి వెళ్లినప్పుడు, ఆకుపచ్చటి తెర ఒకటి పది నిమిషాల పాటు ఊగి ఆరిపోయింది. దానికి పైసా ఖర్చు కాలేదు.

భోజనానికి చిక్కు రాలేదు. అత్తగారు శాకాహారి, వంటగది ఉంది కనుక అన్నం, పప్పు ఇంట్లోనే. మేము సాల్మన్ చేపల సూపు, రై రొట్టె తిన్నాం. లింగన్‌బెర్రీ జామ్ పులుపు వాక్కాయను గుర్తు చేసిందని అత్తగారు రెండు సీసాలు కొన్నారు.

తిరుగు ప్రయాణంలో పొద్దున్న హెల్సింకిలో దిగేసరికి సముద్రపు గాలికి మంచంతా బురదయి, పెట్టెల చక్రాలు అందులో కూరుకుపోయాయి. స్టేషన్ మెట్ల దగ్గర మా అమ్మాయి ఆ బురదలోంచే రెండు చేతులా ఎత్తి ఒక ఉండ చేసింది. అది చక్కగా కట్టింది.