మనిషి బొమ్మకు పోలికా, నైరూప్యమా: తైలవర్ణంలో ఏది మేలు?

తైలవర్ణాలతో మనిషిని చిత్రించేవారికి ఇవాళ మూడు దారులున్నాయి: కంటికి కనిపించినట్టే నిలపడం, ఆ రూపాన్ని రంగులోకీ గీతలోకీ కరిగించడం (నైరూప్యం), రెండింటినీ ఒకే కాన్వాసు మీద నడిపించడం.

మొదటి దారి బలం తెలియాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలోని రాజా రవివర్మ (1848–1906) చిత్రాలను చూడాలి. వెలుగు ఎక్కడ ఆగి నీడ ఎక్కడ మొదలైందో చెప్పలేనంత మెత్తగా రంగులో రంగు కలిసిపోతుంది. గాలి తగిలి నిదానంగా గట్టిపడే అవిసె నూనె వల్లనే ఆ మెత్తదనం సాధ్యం. అయితే అదే పనితనాన్ని ఇప్పుడు ఫొటో ఎదురుగా పెట్టుకుని సాగిస్తే, కెమెరా ముందే తేల్చేసిన వెలుగునీడలకు నకలు మిగులుతుంది.

రెండో దారి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బొంబాయి జె.జె. చిత్రకళా పాఠశాలలో చదివిన మన తెలుగు చిత్రకారుడు పి.టి. రెడ్డి (1915–1996) మలిదశలో తాంత్రిక చిహ్నాల వైపు మళ్లారు. అక్కడ రంగుకు పూర్తి స్వేచ్ఛ దొరుకుతుంది కానీ, ఫలానా వయసు, ఫలానా ముఖం గల మనిషి దొరకడం కష్టం.

నా మొగ్గు మూడో దారికే. బ్రిటిష్ చిత్రకారుడు లూసియన్ ఫ్రాయిడ్ (1922–2011) సీసంతో చేసిన చిక్కటి తెల్ల రంగును చర్మం మీద పొరలు పొరలుగా పేర్చారు; దగ్గరికి వెళితే గరుకు ముద్దలూ కుంచె జాడలూ తప్ప ఏమీ ఉండవు, నాలుగడుగులు వెనక్కి వేస్తే అవే భుజపుటెముకగా, బరువుగా వాలిన పొట్టగా మారతాయి. ఆయన సమకాలీన చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ కాన్వాసు పూత లేని వైపున బొమ్మ వేసేవారు; రంగు బట్టలోకి ఇంకిపోతుంది కనుక దిద్దుకోవడం దాదాపు అసాధ్యం, ఆ తెగింపు ఆయన చెరిపిన ముఖాల్లో తెలుస్తుంది. ఇద్దరిలోనూ నైరూప్యం శరీరంలోనే పుట్టింది.

మన నగర ప్రదర్శనల్లో తరచూ కనిపించే పద్ధతి వేరు: ముఖం అచ్చం ఫొటోలా ఉంటుంది, వెనుక నాలుగు రంగులు ఒలికించి ఉంటాయి. ఆ రంగులను తీసేసినా ముఖానికి లోటేమీ రాదంటే, రెండింటికీ సంబంధం కుదరలేదన్నమాటే. అందుకే విద్యార్థులు ఎదుట కూర్చున్న మనిషిని చూసి గీత గట్టిపరచుకోవాలనీ, ఆ తర్వాత కన్నో చెయ్యో ఒక్కటి పూర్తిచేసి మిగతాది రంగుకు వదలాలనీ నా అభిప్రాయం. నూనె తక్కువున్న పొర మీదనే నూనె ఎక్కువున్న పొర వేయాలన్న నియమాన్ని ఈ స్వేచ్ఛలోనూ మరవకూడదు, లేకుంటే రంగు బీటలు వారుతుంది.

పోయిన తాతగారి చిత్రం కోరి వచ్చే కుటుంబానికి మాత్రం మొదటి దారే న్యాయం.