కయ్యంతో పుట్టిన ప్రేమ, కాపురంలో పుట్టిన ప్రేమ

‘ఇస్ ప్యార్ కో క్యా నామ్ దూఁ’, ‘బడే అచ్ఛే లగ్తే హైఁ’ అనే రెండు హిందీ సీరియళ్లూ 2011లోనే మొదలయ్యాయి. రెండింటిలోనూ ప్రేమ నింపాదిగానే ముదిరింది, దారులే వేరు.

స్టార్ ప్లస్‌లో వచ్చిన ‘ఇస్ ప్యార్ కో క్యా నామ్ దూఁ’లో అర్ణవ్, ఖుషీలది అపార్థంతో మొదలైన కయ్యం. ఆపై బలవంతపు ఆరు నెలల ఒప్పందపు పెళ్లి. మాటకన్నా చూపుకే పని ఎక్కువ: దగ్గరికి రావడం, ఆగిపోవడం, ఎవరో పిలవడం. ఉత్కంఠ బాగా నిలుస్తుంది. కానీ అపార్థం తీరగానే కథకు ఇంధనం అయిపోతుంది, ఇంకో విలన్‌ని తేవాల్సిందే.

సోనీలో ‘బడే అచ్ఛే లగ్తే హైఁ’ తీరు వేరు. తోబుట్టువుల కోసం పెళ్లాడిన రామ్, ప్రియ నడివయసువాళ్లు. వీళ్ల మధ్య అడ్డు పగ కాదు, మొహమాటం. అందుకే చిన్న అలవాట్లే సన్నివేశాలవుతాయి. తొందరపడేవారికి చప్పగా అనిపించవచ్చు గానీ, నమ్మకంగా ఉండేది మాత్రం ఇదే.