ష్నిట్గర్ ఆర్గన్ల దారిలో ఒక బస్సు టూర్: దేనికి వెళ్లాలి, దేన్ని వదిలేయాలి

నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ దగ్గర మొదలై జర్మనీలో హాంబుర్గ్ దగ్గర ముగిసే ఈ టూర్‌లో చూపించేది ఒక్కటే. పాత చర్చిల్లో మూడు వందలు, నాలుగు వందలు, ఒక చోట ఐదు వందల ఏళ్లకు పైగా మోగుతున్న పైప్ ఆర్గన్లు, అంటే గొట్టాల్లోకి గాలి పంపి మోగించే పెద్ద కీబోర్డు వాయిద్యాలు. వెళ్లాలనుకునేవాళ్లకి ముందే ఒక మాట చెప్పేస్తాను. బ్రోషర్‌లో ఫొటోలన్నీ పెద్ద ఊళ్ల చర్చిలవే గానీ, పెట్టిన డబ్బుకి న్యాయం జరిగేది మాత్రం చిన్న ఊళ్లలోనే.

మేం ఉండేది బ్రేమెన్‌లో. నాది చిన్నప్పటి నుంచీ కర్ణాటక సంగీతం, గాత్రం. మా ఆయనకి రాగాలతో పని లేదు, యంత్రం కనిపిస్తే లోపల ఏముందో చూడాలి. ఇద్దరికీ సరిపడే ట్రిప్ దొరకడం మా ఇంట్లో అరుదు. అందుకే మనిషికి వెయ్యి యూరోలు దాటినా బుక్ చేసేశాం. బస్సులో ఇరవై చిల్లర మంది, మేం తప్ప దాదాపు అందరూ రిటైరైనవాళ్లే. అందులో సగం మందికి ఆర్గన్ వాయించడం వచ్చు, మిగతా సగం మందికి వాయించేవాళ్లని తప్పు పట్టడం వచ్చు. సరదా మనుషులు.

ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న ఈ పల్లపు నేలలు ఒకప్పుడు బాగా పండేవి. పశువులు, వెన్న, ధాన్యం అమ్ముకుని రైతులు బాగా సంపాదించారు. పక్క ఊరి చర్చిలో ఆర్గన్ ఉంటే మన ఊళ్లో అంతకన్నా పెద్దది ఉండాలన్న పంతం వాళ్లది. తర్వాతి కాలంలో చేతిలో డబ్బు ఆడక, ఫ్యాషన్ మారినప్పుడు కొత్తవి కొనలేకపోయారు. అలా పాతవి బతికాయి. వాటిలో చాలావాటి వెనక ఉన్న పేరు ఆర్ప్ ష్నిట్గర్. 1648లో పుట్టి 1719లో పోయిన ఈ పనివాడు కొత్తవి కట్టినవీ, పాతవి బాగుచేసినవీ కలిపి దాదాపు 170 ఆర్గన్ల మీద చెయ్యి వేశాడంటారు. ఉన్న పాత గొట్టాలు బాగుంటే పారేయకుండా వాడుకోవడం ఆయన అలవాటు. కాబట్టి ఆయన ఆర్గన్‌లో ఆయనకన్నా రెండు వందల ఏళ్లు ముందు చేసిన గొట్టం పలుకుతూ ఉండొచ్చు.

గ్రోనింగెన్‌లోని మార్టిని చర్చి ఆర్గన్ అలాంటిదే. 15వ శతాబ్దపు గొట్టాలు, వాటి మీద ష్నిట్గర్ పని, ఆ తర్వాత ఆయన కొడుకు పని. పొరలు పొరలుగా ఉంటుంది. ధ్వని గొప్పగా ఉంది, కాదనను. కానీ మమ్మల్ని కింద కుర్చీల్లో కూర్చోబెట్టి, పైన ఎవరో వాయిస్తుంటే వినిపించి పంపేశారు. గైడ్ జర్మన్‌లో చెప్పే మాటలు చెవిలో పెట్టుకునే రిసీవర్‌లో ఇంగ్లీషులో రావాలి. మొదటి రోజే సగం రిసీవర్లకి ఛార్జింగ్ లేదు. నాకు జర్మన్ వచ్చు కాబట్టి గట్టెక్కాను. అమెరికా నుంచి వచ్చిన దంపతులు మాత్రం ఆ పూటంతా నా మొహం వైపే చూస్తూ కూర్చున్నారు. టూర్ నిర్వాహకులకి చెబితే రేపు చూద్దామన్నారు. ఆ రేపు రెండు రోజులకి గానీ రాలేదు.

గ్రోనింగెన్ చుట్టుపక్కల పల్లె చర్చిలని బస్సులోంచి చూపిస్తూ గైడ్ ఒక సంగతి చెప్పాడు. ఇక్కడ భూగర్భంలో గ్యాస్ తీయడం వల్ల భూకంపాలు వచ్చేవట. 2012లో హైజింగె దగ్గర 3.6 తీవ్రతతో వచ్చిన తర్వాత జనం నుంచి పెద్ద గొడవే లేచింది. ఏడెనిమిది వందల ఏళ్ల ఇటుక గోడలకి బీటలు వస్తే లోపలున్న ఆర్గన్ గతేంటో ఎవరైనా ఊహించుకోవచ్చు. అక్కడ ఒక్కచోటైనా దిగి చూపించాల్సింది. టైం లేదన్నారు. మధ్యాహ్నం మాత్రం ఓ షాపింగ్ వీధిలో గంటన్నర వదిలేశారు!

అక్కడి నుంచి సరిహద్దు దాటి తూర్పు ఫ్రీస్‌లాండ్. ఒకప్పుడు గ్రోనింగెన్ నుంచి అక్కడి లేర్ ఊరికి నేరుగా రైలుండేది. 2015 డిసెంబర్‌లో ఎమ్స్ నది మీది రైలు వంతెనని ఓ ఓడ గుద్దేసింది, ఏళ్ల తరబడి ఆ దారి మూతపడింది. మాకు బస్సు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు.

టూర్ మొత్తంలో నాకు బాగా నచ్చింది రిసుమ్. సముద్రపు వరద నుంచి కాపాడుకోవడానికి మట్టి దిబ్బ పోసి, దాని మీద కట్టుకున్న గుండ్రటి ఊరు. మధ్యలో చర్చి, చుట్టూ ఇటుక ఇళ్లు. లోపల గోడకి ఆనుకుని ఒక చిన్న ఆర్గన్, ఒకే కీబోర్డు, ఏడు స్టాప్‌లు (ఒక్కో స్టాప్ లాగితే ఒక్కో రకం గొట్టాలు పలుకుతాయి). కట్టింది 1457 ప్రాంతంలో. ప్రపంచంలో ఇప్పటికీ వాయించగలిగిన అతి పాత ఆర్గన్లలో ఇదొకటి. దాని ఖర్చుకి ఊరివాళ్లు బలిసిన పశువులని ఎమ్స్ దాటించి గ్రోనింగెన్‌కి తోలుకెళ్తామని తమ దొర దగ్గర అనుమతి అడిగారట, ఆ సంగతి కాగితాల మీద ఉంది.

ఇక్కడ మమ్మల్ని ఇద్దరిద్దరిగా పైకి, ఆర్గన్ దగ్గరికి రానిచ్చారు. చెక్క మెట్లు నిటారుగా ఉంటాయి, తాడు పట్టుకుని ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోవాలి. పైకి వెళ్లాక గైడ్ ఒక స్టాప్ మాత్రం లాగి, "నెమ్మదిగా నొక్కండి" అన్నాడు. కీ మొదట్లో కాస్త ఊరికే దిగుతుంది. ఆ తర్వాత వేలి కింద చిన్న అడ్డు తగిలి, అది తెగినట్టు అనిపిస్తుంది. ఆ క్షణానే లోపల మూత తెరుచుకుని గాలి గొట్టంలోకి పోతుంది. స్వరానికి ముందు "ఫ్" అని ఓ చిన్న ఊపిరి. కరెంటు ఏమీ లేదు, కీకి కట్టిన సన్నటి చెక్క బద్దలే మూతని లాగుతాయి. మెల్లగా నొక్కితే స్వరం మెల్లగా మొదలవుతుంది, టక్కున నొక్కితే అంచు పదునుగా వస్తుంది. మా ఆయన ఆ ఒక్క కీ నొక్కుతూ అక్కడే ఉండిపోతే వెనకాల పెద్దాయన గొంతు సవరించుకోవాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం టీ. ఇది కూడా టూర్ ప్యాకేజీలోదే, బాగా చేశారు. తూర్పు ఫ్రీస్‌లాండ్ వాళ్లు మనిషికి ఏడాదికి దాదాపు 300 లీటర్ల టీ తాగుతారట. కప్పులో ముందు కలకండ ముక్క, దాని మీద వేడి టీ (కలకండ చిటపటమని పగులుతుంది), చివర అంచున ఒక చెంచా మీగడ. కలపకూడదు. పొడిలో ఎక్కువ భాగం మన అస్సాందే. వద్దనేదాకా పోస్తూనే ఉంటారు, చాలనుకుంటే చెంచా కప్పులో పెట్టాలి. ఆ సంగతి నాకు నాలుగో కప్పు దాటాక తెలిసింది.

బస లేర్‌లో, రేవు దగ్గర పాత ఇటుక హోటల్‌లో. ఊరు ముచ్చటగా ఉంటుంది, రాత్రి భోజనం తర్వాత నడవడానికి బాగుంటుంది. కానీ లిఫ్ట్ లేదు, గదులు ఇరుకు. ఇంత వయసువాళ్లున్న గ్రూప్‌కి మూడో అంతస్తు ఇవ్వడం ఏమిటో నాకర్థం కాలేదు. మా పై గది ఆవిడ సూట్‌కేస్ మా ఆయనే రెండుసార్లు మోశారు. శాకాహారం అడిగితే ఉడికించిన ఆలూ, తెల్ల ఆస్పరాగస్, పైన పసుపచ్చ సాస్. రెండో రోజు కూడా అదే. ఆ సాస్‌లో గుడ్డు ఉంటుంది, వద్దనుకుంటే ముందే చెప్పుకోవాలి. జూన్ 24తో ఆస్పరాగస్ కోత ఆపేస్తారు, కాబట్టి జులైలో వెళ్తే ఆ ఒక్కటీ ఉండదు. అప్పుడేం పెడతారో మరి.

నోర్డెన్‌లోని లూడ్గెరి చర్చిలో ఉన్నది నిజంగా పెద్దది. 46 స్టాప్‌లు, 1686 నుంచి 1692 మధ్య ష్నిట్గర్ కట్టాడు. ఈ చర్చిలో ఒక చిక్కుంది. జనం కూర్చునే భాగం ఎత్తు తక్కువ, తూర్పున పూజాపీఠం ఉన్న భాగం చాలా ఎత్తు. ఎక్కడ పెట్టినా ఒక వైపు వాళ్లకి వినబడదు. అందుకని ఆయన రెండింటి మధ్య ఉన్న లావుపాటి స్తంభానికి చుట్టినట్టు ఆర్గన్‌ని కట్టాడు. పెడల్ గొట్టాల (కాళ్లతో వాయించే మంద్ర స్వరాలవి) బురుజు మాత్రం విడిగా జనం వైపుకి తిరిగి ఉంటుంది. ఇక్కడ గైడ్ చేసిన పని నాకు బాగా నచ్చింది. ఒకే పాటని రెండుసార్లు వాయించాడు. మొదట మమ్మల్ని తూర్పు భాగంలో కూర్చోబెట్టి, తర్వాత జనం వైపు. తూర్పున ప్రతి స్వరం విడివిడిగా చెవిలో పడింది. ఇటు వచ్చేసరికి పై స్వరాలు మెత్తబడి, పెడల్ మాత్రం బల్లలోంచి ఒంటికి తగిలింది. వెళ్లినవాళ్లు ఒకచోటే కూర్చోకుండా మధ్యలో లేచి అటూ ఇటూ మారండి. ఎవరూ ఏమీ అనరు.

ఈ చర్చిలన్నిటి గురించీ రెండు జాగ్రత్తలు. బయట ఎండ కాస్తున్నా లోపల చలి, స్వెట్టర్ తప్పదు. పల్లె చర్చిల్లో చాలాచోట్ల టాయిలెట్ ఉండదు. బస్సులో ఉన్నది "అత్యవసరానికి మాత్రమే" అని డ్రైవర్ గారు తాళం వేసి పెట్టారు. బస్సు ఎక్కేముందే చూసుకోవాలి.

తర్వాత ష్టాడె. ఇక్కడి హోటల్ కొత్తది, లిఫ్ట్ ఉంది, గదులు పెద్దవి, కానీ పాత ఊరికి బాగా దూరం. లేర్ అందం, ష్టాడె సౌకర్యం రెండూ ఒకేచోట దొరికితే బాగుండేది. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను లేర్‌నే అంటాను, మోకాళ్లు సహకరించినంత కాలం.

ష్టాడెలోని కోస్మే చర్చి ఆర్గన్‌ని 1670లలో బేరెంట్ హుస్, ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ష్నిట్గర్ కలిసి పూర్తి చేశారు. అంతకుముందు 1659లో ఊళ్లో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. మేం వెళ్లేసరికి అక్కడి ఆర్గనిస్ట్ రీడ్ గొట్టాలు శ్రుతి చేస్తున్నారు. ఎండాకాలంలో చర్చి వేడెక్కితే మామూలు గొట్టాల శ్రుతి పైకి పోతుంది, ఇత్తడి నాలుక ఉన్న రీడ్ గొట్టాలు దాదాపు ఉన్నచోటే ఉంటాయి. వందల కొద్దీ మామూలు గొట్టాలని దించడం కన్నా కొద్దిపాటి రీడ్ గొట్టాలని పైకి తేవడమే సులువు. నాలుకని పట్టి ఉంచే తీగ పైకి కొద్దిగా వస్తుంది, దాన్ని సన్నటి ఇనుప కడ్డీతో టక్ టక్‌మని కొడుతూ సరిచేస్తారు. మృదంగ విద్వాంసులు కచేరీ మధ్యలో రాయితో అంచు మీద కొట్టి శ్రుతి కలుపుకున్నట్టే. అరగంట సేపు ఒక్కో స్వరం అలా సర్దుతుంటే నేను బయటికి రాలేదు.

నాకు ఇక్కడే ఇంకో సంగతి పట్టింది. ఇప్పటి పియానోలో పన్నెండు స్వరస్థానాలూ సమాన దూరంలో ఉంటాయి, అందువల్ల అంతర గాంధారం (రెండు 'గ'లలో పైది) ఉండాల్సినదానికన్నా కాస్త పైకి ఉంటుంది. నాకు కీబోర్డు మీద ఎప్పుడూ ఆ గాంధారమే గుచ్చుకునేది. ఈ పాత ఆర్గన్లలో మీన్‌టోన్ అనే పద్ధతి, లేదా దాన్ని కొంచెం సవరించినది వాడతారు. అసలు మీన్‌టోన్‌లో అంతర గాంధారం సరిగ్గా 5:4 నిష్పత్తిలో, తంబూరా మంద్ర షడ్జమం మీటినప్పుడు దానంతట అదే వినిపించే గాంధారంలా ఉంటుంది. సవరించినవాటిలో కూడా దానికి దగ్గరగానే ఉంటుంది. అందుకే ష్టాడెలో షడ్జమం, అంతర గాంధారం, పంచమం కలిపి మోగగానే ఏ అలికిడీ లేకుండా కూర్చున్నాయి. కర్ణాటక సంగీతం విన్న చెవి ఉన్నవాళ్లకి ఈ టూర్ సిఫార్సు చేయడానికి ఇదే నా మొదటి కారణం. చెల్లించే మూల్యమూ ఉంది. దూరపు శ్రుతుల్లోకి (నల్ల కీలు ఎక్కువ వాడేవాటిలోకి) పోతే కొన్ని స్వరాల జతలు భరించలేనట్టు ఊళ పెడతాయి. గైడ్ కావాలనే ఒకటి వాయించి చూపించాడు, ముందు వరసలో పెద్దావిడ చెవులు మూసుకుంది.

ఆ రాత్రి భోజనం దగ్గర ఆవిడే మా సొంతూరు ఏదని అడిగింది. నెల్లూరు దగ్గర గూడూరు అన్నాను, తెలియదులే అనుకుంటూ. ఆవిడది హెర్మన్స్‌బుర్గ్ ప్రాంతమట. 1860లలో ఆ ఊరి క్రైస్తవ మిషన్ వాళ్లు సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వైపు వచ్చి పనిచేశారు. అక్కడి దక్షిణ ఆంధ్ర లూథరన్ చర్చి మొదలైంది వాళ్లతోనే. "గూడూర్" అని ఆవిడ తడుముకోకుండా పలికింది. చిన్నప్పుడు ఆదివారం బడిలో విన్న పేరట.

హాంబుర్గ్ వెళ్తూ నోయెన్‌ఫెల్డెలో ఆపారు. ఆపిల్ తోటల మధ్య చిన్న చర్చి, 1688 నాటి ఆర్గన్, రెండు కీబోర్డులు, 34 స్టాప్‌లు. ష్నిట్గర్ ఇక్కడే కాపురం ఉన్నాడు, ఆయన్ని పాతిపెట్టిందీ ఈ చర్చిలోనే. ఆయన కుటుంబం కూర్చున్న పెట్టెలాంటి బల్ల ఇంకా ఉంది. దగ్గర్లోనే ఎయిర్‌బస్ రన్‌వే. మెత్తటి భాగం వాయిస్తుండగా నెత్తి మీద విమానం, మా ఆయనకి మాత్రం రెండూ ఇష్టమే.

చివరిది హాంబుర్గ్ సెయింట్ యాకోబి, 1693, నాలుగు కీబోర్డులు, 60 స్టాప్‌లు, దాదాపు 4,000 గొట్టాలు. 1720లో జర్మన్ సంగీతకర్త బాఖ్ ఇక్కడి ఆర్గనిస్ట్ ఉద్యోగానికి ఆసక్తి చూపాడు, చర్చి ఖజానాకి 4,000 మార్కులు కట్టిన ఇంకొకాయనకి అది దక్కింది. 1917లో ముందు వరస తగరం గొట్టాలు యుద్ధానికి కరిగిపోయాయి. రెండో యుద్ధంలో మిగతావి ముందే దాచడంతో బతికాయి. శ్రుతి ఇప్పటిదానికన్నా దాదాపు ఒక పూర్తి స్వరం ఎక్కువ. ఇంత చరిత్ర ఉన్నదానికి మా టూర్‌వాళ్లు ఇచ్చింది ముప్పావు గంట, అందులో పది నిమిషాలు ట్రాఫిక్‌లో పోయింది. పైకి ఎక్కనివ్వలేదు. 32 అడుగుల పెడల్ గొట్టం అట్టడుగు స్వరం ఇక్కడ దాదాపు 18 హెర్ట్జ్, అది చెవికన్నా ముందు కడుపుకి తెలుస్తుంది. ఆ ఒక్కటి గట్టిగా వినిపించినందుకు మాత్రం నమస్కారం.

హాంబుర్గ్‌లో ఉన్నవాళ్లు యాకోబి కోసం ఈ టూర్‌కి డబ్బు పెట్టక్కర్లేదు, ఆదివారం ప్రార్థనకి వెళ్తే ఉచితంగా వినొచ్చు. ష్టాడె కూడా ఎస్-బాన్ (లోకల్ రైలు)లో దాదాపు గంట ప్రయాణమే, సొంతంగా వెళ్లి రావొచ్చు. రిసుమ్, నోర్డెన్ మాత్రం సొంతంగా వెళ్తే కింద కూర్చుని వినడమే. పై గది తాళం చెవి గైడ్‌కే ఇస్తారు. బుక్ చేసేముందు నిర్వాహకులని ఒక్కటే అడగండి: ఎన్ని చోట్ల పైకి ఎక్కనిస్తారు? సమాధానం నసిగితే వేరే టూర్ చూసుకోండి.