మా టెక్కలి గోడ: వెనక పడాల్సింది కంకర, పడింది గ్రావెల్

మా పెరటి గోడ కట్టించి ఎనిమిదేళ్ళు దాటింది. హాలో బ్లాకులతో (లోపల బోలుగా ఉండే సిమెంటు ఇటుకలతో) కట్టిన రిటైనింగ్ వాల్, అంటే మట్టి జారకుండా ఆపే గోడ, ఎలా ఉందని బంధువులు, కొత్తగా స్థలాలు కొన్న తోటి ఉపాధ్యాయులు ఇప్పటికీ అడుగుతూ ఉంటారు. బ్లాకు కొలతలు, సిమెంటు పాళ్ళు ఏ మేస్త్రినడిగినా చెబుతాడు కాబట్టి వాటి జోలికి పోను. నాకు చెప్పాలని ఉన్నదల్లా గోడ వెనక, కంటికి కనబడని ఒక్క అడుగు మందం గురించి. మొదటిసారి అక్కడ జరిగిన తప్పు నన్ను నాలుగేళ్ళపాటు నమ్మించి మోసం చేసింది.

మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి ఊరి చివర వాలులో ఐదు సెంట్ల స్థలం. రోడ్డు నుంచి వెనక్కి వెళ్ళేసరికి ఆరడుగుల పల్లం. ఇంటి వెనక పెరడు చదునుగా రావాలంటే ఆ పల్లపు అంచున నలభై అడుగుల పొడవున గోడ లేపి, లోపల మట్టి నింపాలి. గోడకు అవతల పది అడుగుల పట్టీ ఒకటి మిగులుతుంది. అది అమ్మ పూలమొక్కలకు.

టెక్కలిలో రాయికి కొదవా? నీలి గ్రానైటు ఇక్కడి నుంచి ఎక్కడెక్కడికో వెళుతుంది. అందుకే పెద్దలందరూ రాతికట్టు కట్టమన్నారు. అయితే ఆరడుగుల రాతికట్టుకు అడుగున కనీసం మూడడుగుల మందం ఇవ్వాలి. నలభై అడుగుల పొడవున లెక్కేస్తే పావు సెంటుకు పైగా నేల గోడ కిందే పోతుంది. ఐదు సెంట్లవాడికి అది చిన్న సంగతి కాదు. బ్లాకుల గోడ మందం ఎనిమిది అంగుళాలే. దాన్ని నిలబెట్టే నాలుగడుగుల వెడల్పు పునాది చాలావరకు పెరటి మట్టి కిందికే పోతుంది కాబట్టి పైన నేల మనదే. ఆ లెక్క చూసే బ్లాకులవైపు మొగ్గాను. ఆ ఒక్క విషయంలో ఈ రోజుకూ నాకు విచారం లేదు.

2017 వేసవిలో పని మొదలుపెట్టాం. పునాదిలో నుంచి పదహారు అంగుళాలకొకటి చొప్పున పన్నెండు మిల్లీమీటర్ల చువ్వలు పైకి లేపి, వాటి మీదుగా బ్లాకులు దించి, బోలు గదుల్లో కాంక్రీటు కూరారు. పునాది ఆరిన తర్వాత గోడ లేవడానికి ఆరు రోజులు పట్టింది. మేస్త్రి మంచి పనివాడు. ప్రతి వరసకూ దారం కట్టి, గుండు వేలాడదీసి చూసుకునేవాడు. నీళ్ళు పోవడానికి అడుగు ఎత్తున ఐదడుగులకొకటి చొప్పున ఎనిమిది రెండంగుళాల పైపు ముక్కలు పెట్టాడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి సంగతి ఉద్దానంలో ఎవరిని అడిగినా చెబుతారు. కొబ్బరి, జీడి తోటలు నేలకు ఒరిగిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. మా పక్క వీధిలో ప్రహరీలు పడిపోయాయి. మా గోడ మాత్రం వెంట్రుకవాసి కదలలేదు. ఎనిమిది పైపుల్లో నుంచీ ఎర్రటి నీరు ధారలు కట్టింది. ఆ వారమంతా వచ్చినవారందరికీ గోడ చూపించాను. మీరూ బ్లాకులతోనే కట్టుకోండి అని కనీసం ఇద్దరికి గట్టిగా చెప్పాను.

ఆ మాటను ఇప్పుడు కొంత వెనక్కి తీసుకోవాలి. అప్పటికి గోడ వయసు ఏడాదిన్నర కూడా లేదు. పైపులు కొత్తవి. ఆ ధారల రంగు చూసి అప్పుడే అనుమానించి ఉండాల్సింది. ఎర్రటి నీరు వస్తోందంటే లోపలి మెత్తటి మట్టి కదిలి పైపుల నోళ్ళ దగ్గరికి చేరుతోందని అర్థం.

నాకంటే ముందు తేడా గమనించింది అమ్మ. మూడో పైపు కింద ఆమె మల్లెపాదు ఉంది. వాన వెలిసిన తర్వాత కూడా రెండు రోజులు దాని మీదకు నీటిచుక్కలు పడుతుండేవి. 2020 వానాకాలంలో అమ్మ, "పాదులోకి గోడ నీళ్ళు రావడం లేదు నాయనా, నేనే మోసి పోసుకోవాల్సి వస్తోంది" అంది. నేను సంతోషించాను. గోడ వెనక మట్టి గట్టిపడింది, నీరు ఇంకడం లేదు, ఇంకేమి కావాలి అనుకున్నాను. బ్లాకుల మీద అక్కడక్కడ తెల్లటి ఉప్పు పొర పేరుకుంది. దాన్నీ తుడిచేసి ఊరుకున్నాను. ఆ పొర పడుతోందంటే నీరు పైపుల దారి మానుకుని గోడలోకే ఊరుతోందని నాకు చెప్పినవారు లేరు. నేనూ అడగలేదు.

2021 సెప్టెంబరు 26, ఆదివారం రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మాకు గాలి తిత్లీ అంత లేదు. వాన మాత్రం తెరిపి ఇవ్వలేదు. సోమవారం పొద్దున గొడుగు వేసుకుని కింది పట్టీలోకి దిగాను. పెరడంతా చెరువులా ఉంది. గోడ మీద నుంచి నీరు పొర్లి కారుతోంది. ఎనిమిది పైపులూ మాత్రం ఎండిపోయిన పంపుల్లా ఉన్నాయి. చుక్క లేదు. గోడ మధ్యభాగం నా వైపు ఉబ్బి ఉంది. గుండు కట్టి చూస్తే పై అంచు రెండు అంగుళాలు బయటికి వచ్చింది.

ఇంట్లో మిగిలిన చువ్వ ముక్క ఒకటి తెచ్చి మూడో పైపులో దూర్చాను. జానెడు లోపలికి వెళ్ళి మెత్తగా తగిలింది. తిప్పి లాగితే చువ్వ కొనకు బంకలాంటి ఎర్రమట్టి చుట్టుకుని వచ్చింది, వేళ్ళ మధ్య నలిపితే ఇసుకరేణువు కూడా తగలనంత నున్నగా. రెండోసారి పొడిచేసరికి ముద్ద ఒకటి ఊడిపడి, వెనకాలే నీరు మోకాలి ఎత్తున ఎగజిమ్మి మల్లెపాదును పెకలించేసింది. ఆ తోపు చూసిన తర్వాత నాకు కాళ్ళు వణికాయి. సాయంత్రందాకా ఒక్కో పైపునూ పొడుస్తూ కూర్చున్నాను. చీకటి పడేసరికి ఐదు తెరుచుకున్నాయి. గోడ ఆ రాత్రికి నిలిచింది.

సంక్రాంతి దాటాక, 2022 జనవరి చివర్లో వెనక తవ్వించాం. అప్పుడు గానీ అసలు గాయం కనబడలేదు. ముందువైపు బ్లాకుల మధ్య సిమెంటు మాలు సందులో వెంట్రుకంత గీత మాత్రమే ఉంది. మట్టి వైపున రెండో వరస మీద వేలు దూరేంత పగులు, పద్నాలుగు అడుగుల పొడవున. మట్టి తోస్తే గోడ ముందుకు వంగుతుంది, వంగినప్పుడు చీలేది వెనకవైపు. చువ్వలు ఆ వైపుకు జరిపి ఉండాలి. మావి గది నడుమ నిలబడి ఉన్నాయి.

పగులు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది గోడకు ఆనించి పోసిన మట్టి. పని మొదలుపెట్టే ముందు నేను వీడియోలు చూసి, పుస్తకం తిరగేసి, గోడ వెనక గ్రావెల్ పోయాలని రాసుకున్నాను. కాంట్రాక్టరుకు అదే మాట చెప్పాను. లారీలు వచ్చాయి, గ్రావెల్ దిగింది. ఆ పుస్తకాలలో గ్రావెల్ అంటే కడిగిన గులకరాయి, కంకర. మన శ్రీకాకుళంలో, విజయనగరంలో గ్రావెల్ అని ఆర్డరు ఇస్తే వచ్చేది ఎర్రటి గరుసు మట్టి. రోడ్ల కింద, పునాదుల్లో వేసి రోలరు తొక్కించేది అదే. బాగా అణుగుతుంది, అందుకే పెరడు నింపడానికి అంతకంటే మంచిది లేదు. అణిగేది కాబట్టే గోడ పక్కన పనికిరాదు. నీరు దిగడానికి అందులో సందు ఉండదు, పైగా దానిలోని మెత్తటి బంక మెల్లగా పైపుల్లో పేరుకుంటుంది. కాంట్రాక్టరు నేను అడిగినదే తెచ్చాడు. మేస్త్రి వచ్చినదే పోశాడు. ఆ ఒక్క మాట దగ్గర "కంకరా, గ్రావెలా మాస్టారూ?" అని ఎవరైనా అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మిగిలిన లెక్క ఒక ఇంజనీరు కూర్చోబెట్టి చెప్పారు. ఆరడుగుల ఎత్తున తడవని మట్టి మీటరు పొడవు గోడను సుమారు ఒక టన్ను బలంతో నెడుతుంది. అదే మట్టి పైదాకా నీటితో నిండితే నీటి తోపు ఒక్కటే ఒకటిన్నర టన్ను దాటుతుంది. మట్టి వాటా కలిపితే రెండు టన్నులకు మించిపోతుంది. మా గోడ మట్టిని ఆపడానికి కట్టింది, చెరువును ఆపడానికి కాదు. దానికి తోడు డాబా నీళ్ళు దించే గొట్టాలు కూడా నేను తెచ్చి పెరట్లోనే వదిలాను. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద పది సెంటీమీటర్ల వాన పడితే తొమ్మిది వేల లీటర్లకు పైగా నీరు వస్తుంది. అదంతా గోడ వీపు మీదకే.

ఉబ్బిన పద్నాలుగు అడుగులు కూల్చి మళ్ళీ కట్టాం. ఈసారి ప్రతి గదిలో చువ్వ, అదీ మట్టి వైపుకు జరిపి. నలభై అడుగుల పొడవునా గోడ వెనక అడుగు మందాన నలభై మిల్లీమీటర్ల కంకర, పునాది నుంచి పైకి అడుగు తక్కువ వరకు. అడుగున చిల్లులున్న నాలుగంగుళాల పైపు, నలభై అడుగులకు ఐదు అంగుళాల వాలుతో, చివర తూర్పు మూల నుంచి పల్లం వైపున్న వీధి కాలువలోకి. మట్టికీ కంకరకూ మధ్య విశాఖపట్నం నుంచి తెప్పించిన జియోటెక్స్‌టైల్ గుడ్డ. అది నీటిని వదులుతుంది, బంకను ఆపుతుంది. అన్నిటికీ పైన అడుగు మందం గట్టి మట్టి, డాబా గొట్టాలకు విడిగా ఒక కాలువ. మొత్తం కంకర రెండున్నర యూనిట్లు (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు) కూడా కాలేదు. క్రషర్లు మా ఊరి పక్కనే ఉన్నాయి. 2017లో రెండు లారీలతో తీరిపోయే పని అది.

అప్పటి నుంచి వచ్చిన ప్రతి వానాకాలం ఈ గోడను ఇష్టంగా చూస్తున్నాను. వాన మొదలైన కాసేపటికి మూల పైపులో గలగల మొదలవుతుంది. రాత్రి పడుకుని ఆ చప్పుడు వింటే నిశ్చింతగా ఉంటుంది. పైనున్న ఎనిమిది పైపులలో పెద్ద వానకు తప్ప చుక్క రాదు. ఇప్పుడు వాటికి అంత అవసరం లేదు.

మరి బ్లాకులతో కట్టుకోవచ్చా అంటే, మా లాంటి చోట కట్టుకోవచ్చనే అంటాను. ఎర్ర నేల, ఆరడుగుల ఎత్తు, ఇరుకు స్థలం, పిలిస్తే కంకర వచ్చే ఊరు. నల్లరేగడి నేలల్లో, తడిస్తే ఉబ్బి ఎండితే కుంచించుకుపోయే మట్టి పక్కన ఇలా నిలుస్తుందని నేను చెప్పలేను. ఎనిమిది, పది అడుగుల ఎత్తుకైతే ఇంజనీరు గీసిన బొమ్మ లేకుండా తాపీ ముట్టనివ్వకండి. ఎత్తు రెట్టింపయితే తోపు నాలుగింతలవుతుంది. స్థలానికి ఇబ్బంది లేనివారు రాతికట్టు గురించి మళ్ళీ ఆలోచించండి. మా వీధి చివర సిమెంటు లేకుండా పేర్చిన పాత రాతికట్టు ఒకటి ఉంది. తిత్లీకీ, గులాబ్‌కీ దాని ప్రతి సందులో నుంచీ నీరు కారిపోయింది. దానికి పైపులే అక్కరలేదు. ఆ రోజుల్లో దాన్ని చూసి ముతకపని అనుకున్నాను.

కూల్చని ఇరవై ఆరు అడుగుల్లో చువ్వలు ఇప్పటికీ నడుమనే ఉన్నాయి. అక్కడ పై అంచు అర అంగుళం వంగి ఉంది. పెన్సిలు గీత పెట్టి ఏటా గుండుతో కొలుస్తున్నాను. ఇప్పటివరకు పెరగలేదు. దాని బరువు కూడా గోడను నెట్టకుండా నీళ్ళ ట్యాంకును గోడ పక్క నుంచి తీసి ఇంటి పక్కకు మార్చాను.

అమ్మ మల్లెపాదును మూల పైపు దగ్గర నాటుకుంది. వాన పడిన పొద్దున ఆమె అక్కడి నుంచే "వస్తోంది నాయనా" అని కేకవేస్తుంది. నేను దిగి వెళ్ళి దోసిట్లో పట్టి, నీరు తేటగా ఉందా, ఎర్రగా ఉందా అని చూస్తాను. మొన్నటి వానకు తేటగానే వచ్చింది.