మొండి పులిపిర్లు: మాత్ర మేలా, పైపూత మేలా?

జననాంగాల మీద పులిపిర్లు తీయించుకున్నాక మళ్లీ వస్తే, ఎవరైనా అడిగే ప్రశ్న ఒకటే: "ఈ కాల్చడాలు, క్రీములు కాకుండా మింగే మాత్ర ఏదీ లేదా?"

ఈ పులిపిర్లని తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌ని చంపే మాత్ర లేదు. హెర్పిస్‌కి ఇచ్చే ఎసైక్లోవిర్ దీని మీద పనిచేయదు. ఈ పులిపిర్లకి ఎక్కువగా కారణమయ్యే 6, 11 రకాలు రక్తంలో తిరగవు, చర్మం అడుగు పొరలో తిష్ఠ వేస్తాయి. అందుకే మాత్రలుగా రాసేవన్నీ చర్మం పెరుగుదలనో, రోగనిరోధక శక్తినో మారుస్తాయన్న ఆశతో ఇచ్చేవే.

వాటిలో కాస్త మాట్లాడుకోదగ్గది మొటిమలకి వాడే ఐసోట్రెటినోయిన్. చిన్నపాటి అధ్యయనాల్లో కొందరికి తగ్గింది, చాలామందికి పూర్తిగా పోలేదు. గర్భంలో బిడ్డకి తీవ్రమైన అవకరాలు తెస్తుంది కాబట్టి వాడుతున్నన్నాళ్లూ, మానేశాక కనీసం ఒక నెలా గర్భం రాకూడదు. లివర్, కొవ్వుల రక్తపరీక్షలు తప్పవు. జింక్ మాత్రలతో వికారం రావచ్చు, ఫలితం అనుమానం. కడుపులో యాసిడ్‌కి వాడే సిమెటిడిన్, మందు లేని ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగని తేలలేదు. నులిపురుగుల మందు లెవామిసోల్ తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించగలదు, దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

నా దృష్టిలో తేల్చాల్సింది ఎంత త్వరగా పోతాయని కాదు, మళ్లీ వస్తాయా అని. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించినా, కరెంటుతో కాల్చినా కంటికి కనిపించేది పోతుంది. చుట్టూ మామూలుగా కనిపించే చర్మంలో వైరస్ మిగులుతుంది. తిరిగొచ్చేవి చాలావరకు మొదటి మూడు నెలల్లోనే వస్తాయి. ఇమిక్విమాడ్ క్రీము అక్కడి రోగనిరోధక శక్తినే లేపుతుంది. వారానికి మూడు రాత్రులు రాసి, 6 నుంచి 10 గంటల తర్వాత కడగాలి, 16 వారాల దాకా వాడొచ్చు. ఎర్రబడుతుంది, మండుతుంది, ఓపిక కావాలి. అయినా నా ఓటు దీనికే, పెద్దవి ముందు డాక్టర్ చేత తీయించుకుని. పొడోఫిలోటాక్సిన్ అనే పైపూత మందు కూడా ఉంది: మూడు రోజులు రాసి నాలుగు రోజులు ఆపాలి. గర్భిణులకి పొడోఫిలోటాక్సిన్ పనికిరాదు, ఇమిక్విమాడ్‌కీ దూరంగా ఉండమంటారు. వాళ్లకి గడ్డకట్టించడం లాంటి, డాక్టర్ చేసే పద్ధతులే దారి. కాళ్ల ఆనెలకి రాసే యాసిడ్ మాత్రం అక్కడ ఎవరూ రాసుకోకండి.

నిజంగా మొండికేస్తే మాత్ర అడిగే ముందు బయాప్సీ, హెచ్‌ఐవీ, షుగర్ పరీక్షలు అడగండి. సిగరెట్ ఉంటే మానేయండి. ఇవన్నీ అయ్యాక కూడా తగ్గకపోతే చర్మ డాక్టర్ పర్యవేక్షణలో ఐసోట్రెటినోయిన్ గురించి ఆలోచించొచ్చు, అదీ గర్భం వచ్చే అవకాశం లేనివాళ్లకే.