చిన్న రివాల్వర్‌కి గట్టి ట్రిగ్గర్: స్ప్రింగ్ మార్చాలా, సాధన చేయాలా?

విజయనగరంలో మా మామయ్యకి లైసెన్సున్న పాయింట్ 32 రివాల్వర్ ఉంది, ట్రిగ్గర్ సగం నొక్కేసరికే చెయ్యి వణికి, గురి చూసేందుకు గొట్టం కొసన ఉండే ముందు సైటు పక్కకి జారిపోయేది. స్ప్రింగ్ మార్పిస్తే వేలికి హాయే, కానీ తూటాని కొట్టే హామర్‌ని నడిపే మెయిన్ స్ప్రింగ్ మరీ మెత్తబడితే దెబ్బ చాలక తూటా పేలకపోవచ్చు, ప్రాణరక్షణకని కొనుక్కున్నదానికి అంతకంటే నష్టం ఏముంటుంది? పైగా ఆ పని లైసెన్సున్న రిపేరు షాపులోనే చేయించాలి. నా ఓటు సాధనకే. తూటాలు వేరే గదిలో పెట్టి, తూటాలు పెట్టే సిలిండర్ ఖాళీయేనని రెండుసార్లు చూసుకుని, మందులేని డమ్మీ తూటాలు వేసి, ఇటుక గోడవైపు గురిపెట్టి, ముందు సైటు మీద రూపాయి బిళ్ల ఉంచి అది పడకుండా చివరిదాకా నెమ్మదిగా నొక్కాలి. వేలి కొసతో కాదు, మొదటి కణుపు దగ్గర ట్రిగ్గర్ ఆనితే బలం బాగా అందుతుంది. కీళ్లనొప్పులున్నవాళ్లకి మాత్రం స్ప్రింగే నయం. మామయ్య చేతిలో ఇప్పుడు బిళ్ల నిలబడుతోంది.