పాత విండోస్ ఉన్న కంప్యూటర్లలో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేసేముందు జాగ్రత్త

విండోస్ 7 లేదా 8.1 ఉన్న కంప్యూటర్‌లో డబ్బు పెట్టి కొన్న బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నవారు, "కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది, ఇప్పుడే తీసుకోండి" అని కంపెనీ పంపే సందేశాన్ని చూసి వెంటనే బటన్ నొక్కవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. మా డీటీపీ సెంటర్‌లో అప్‌గ్రేడ్‌కు కట్టిన డబ్బు వృథా కావడమే కాకుండా, అప్పటివరకు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తున్న పాత వెర్షన్ కూడా చేజారిపోయింది.

ఇంకా విండోస్ 7 ఎందుకని అడిగేవారు బహుశా ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసి ఉండరు. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0 వెర్షన్‌తోనే ఆగిపోయింది. అయినా మన ఊళ్లలో పెళ్లిపత్రికలు, కరపత్రాలు, పునర్ముద్రణకు వచ్చే పాత పుస్తకాలు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో, 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో చేసిన ఫైళ్లుగానే చేతికి వస్తాయి. వాటిని ఇప్పటి ప్రమాణమైన యూనికోడ్‌లోకి మారిస్తే పేజీల అమరిక చెదిరి, ప్రూఫులు మళ్లీ మొదటినుంచి దిద్దుకోవలసి వస్తుంది. అందుకే ఒక పాత కంప్యూటర్‌ను అలాగే ఉంచుకుంటాము, దాని హార్డ్ డిస్క్ ఏ రోజైనా పోవచ్చు కాబట్టి బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను కొంటాము.

రెన్యువల్ సమయంలో వచ్చిన ఈమెయిల్‌లో కానీ, డబ్బు కట్టిన పేజీలో కానీ "విండోస్ కోసం" అన్న మాట తప్ప ఏ విండోస్ అన్న వివరం లేదు. ఆ వివరం కంపెనీ సైటులోనే ఎక్కడో సహాయ విభాగంలో, వేరే పేజీలో ఉంది. ఇన్‌స్టాలర్ ముందుగా పాత వెర్షన్‌ను పూర్తిగా తొలగించి, కొత్త ఫైళ్లను చేర్చి, రీస్టార్ట్ అడిగి, ఆ తరువాత కానీ డ్రైవర్ (విండోస్‌తో కలిసి పనిచేసే సాఫ్ట్‌వేర్ భాగం) మొదలు కాలేదన్న దోషాన్ని చూపలేదు. ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది, షెడ్యూల్ కూడా కనిపిస్తుంది, కానీ బ్యాకప్ మాత్రం ప్రతిసారీ విఫలమవుతుంది. పాత వెర్షన్‌కు వెనక్కి వెళదామంటే దాని ఇన్‌స్టాలర్ సైటులో లేదు. మా దగ్గర దాచి ఉంచిన కాపీతో ప్రయత్నించగా, ఆ సీరియల్ నంబరు కొత్త వెర్షన్‌కు మారిపోయిందంటూ యాక్టివేషన్‌కు నిరాకరించింది.

ఇది ఒక్క కంపెనీకే పరిమితమైన సమస్య కాదు కనుక కారణాలను కొంత వివరంగా చెబుతాను. నడుస్తున్న విండోస్‌ను మొత్తంగా కాపీ తీసే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి సొంత డ్రైవర్ ఉంటుంది, అది కెర్నెల్ స్థాయిలో, అంటే విండోస్ లోపలి మూలభాగంలో పనిచేస్తుంది. 64 బిట్ విండోస్ ఆ డ్రైవర్ మీద ఉన్న డిజిటల్ సంతకాన్ని సరిచూసిన తరువాతే దానిని లోపలికి రానిస్తుంది. షా-2 అన్న కొత్త పద్ధతి సంతకాలను గుర్తించడానికి విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ 2019 మార్చిలో కేబీ4474419, కేబీ4490628 అన్న అప్‌డేట్లను ఇచ్చింది. వైరస్ భయంతో ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచిన కంప్యూటర్లలో ఇవి ఉండకపోవచ్చు. అవి ఉన్నా గండం గట్టెక్కినట్టు కాదు, ఎందుకంటే ఇప్పుడు చాలా కంపెనీలు తమ డ్రైవర్లకు మైక్రోసాఫ్ట్ పోర్టల్ ద్వారా తీసుకునే అటెస్టేషన్ సంతకం విండోస్ 10, ఆ తరువాతి వెర్షన్లలో మాత్రమే చెల్లుతుంది. మా కంప్యూటర్‌లో ఆ రెండు అప్‌డేట్లూ ఉన్నాయి, అయినా డ్రైవర్ మొదలు కాలేదు.

కొన్ని ప్రోగ్రామ్‌లైతే అంతదాకా కూడా రావు. "కెర్నెల్32.డీఎల్ఎల్‌లో ఎంట్రీ పాయింట్ దొరకలేదు" అన్న పెట్టె వస్తే, విండోస్ 8లో కానీ ఆ తరువాత కానీ కొత్తగా చేర్చిన ఫంక్షన్ ఏదో ఆ ప్రోగ్రామ్ అడుగుతోందని అర్థం చేసుకోవచ్చు. అది ఏ సెట్టింగ్ మార్చినా తీరేది కాదు. దీనికి భిన్నంగా, నెట్ బాగానే ఉన్నా "సర్వర్‌ను చేరుకోలేకపోతున్నాము" అని యాక్టివేషన్ ఆగిపోతే ఆశ వదులుకోనక్కరలేదు. సర్వర్‌తో భద్రంగా మాట్లాడే పద్ధతి అయిన టీఎల్ఎస్ 1.2 విండోస్ 7లో ఉన్నప్పటికీ చాలా ప్రోగ్రామ్‌లకు అది దానంతటదే అందదు, కేబీ3140245 అప్‌డేట్ వేసి విండోస్ తన సెట్టింగులను దాచుకునే రిజిస్ట్రీలో మార్పు చేస్తే ఆ చిక్కు చాలాసార్లు వీడుతుంది.

పాత విండోస్‌కు మద్దతు ఆపే హక్కు కంపెనీకి లేదని నేను అనడం లేదు. విండోస్ 7కు సాధారణ మద్దతు 2020 జనవరి 14న ముగిసింది, సంస్థలు డబ్బు కట్టి పొందిన పొడిగింపు కూడా 2023 జనవరి 10తో ఆగింది, అదే రోజున 8.1కూ తెర పడింది. నా అభ్యంతరమల్లా, ఏ విండోస్‌లో నడుస్తున్నదో ముందే చూసుకోవడం ఏ ఇన్‌స్టాలర్‌కైనా చిటికెలో పని అయినప్పుడు, పాతదాన్ని తొలగించిన తరువాత పనిచేయనని చెప్పడమేమిటన్నది. "విండోస్ 11కు మారండి" అని జవాబిచ్చిన కస్టమర్ కేర్ వారికి ఆ కంప్యూటర్ ఎందుకోసం ఉందో మొదటి లేఖలోనే రాశాము.

మమ్మల్ని ఆదుకున్నది పాత వెర్షన్‌తో చేసిపెట్టుకున్న రెస్క్యూ పెన్‌డ్రైవ్, అంటే హార్డ్ డిస్క్‌లోని విండోస్ అవసరం లేకుండా కంప్యూటర్‌ను మొదలుపెట్టేది. దానితో బూట్ చేసి, అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన సీ డ్రైవ్ ఇమేజ్‌ను (మొత్తం డ్రైవ్ కాపీని) తిరిగి పెట్టడంతో పాత ప్రోగ్రామ్ తన యాక్టివేషన్‌తో సహా వచ్చింది. లైసెన్స్ మళ్లీ సర్వర్‌తో సరిపోల్చుకోకుండా ఇప్పుడు ఆ కంప్యూటర్‌కు నెట్ కేబుల్ తీసేశాము. కనుక పాత పెన్‌డ్రైవ్‌ను చెరిపి దానిమీదే కొత్తది చేయకండి. కొత్త వెర్షన్ తీసిన ఇమేజ్‌లను పాత వెర్షన్ తెరవలేకపోవచ్చు కాబట్టి రెండింటి బ్యాకప్‌లను ఒకే ఫోల్డర్‌లో కలపకండి. 32 బిట్ యంత్రాలు ఉన్నవారు మరో సంగతి గమనించాలి: రెస్క్యూ డిస్కులకు ఆధారమైన విండోస్ పీఈ అన్న చిన్న విండోస్‌కు విండోస్ 11 తరంలో 32 బిట్ రూపం లేదు, కాబట్టి కొత్త వెర్షన్ చేసే పెన్‌డ్రైవ్ ఆ యంత్రాల్లో అసలు బూట్ కాకపోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్‌ను ఆపివేసి, ఇన్‌స్టాలర్ ఫైలును వేరే డిస్కులో దాచి, ఏ మార్పుకైనా ముందు కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ 7 తనంతట ఇచ్చే సిస్టమ్ ఇమేజ్ ఒకటి తీసుకోండి. ఆ ఇమేజ్‌కు ఎవరి లైసెన్సూ అక్కరలేదు.

విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసింది కాబట్టి రానున్న వెర్షన్లలో ఇదే వరుస దాన్ని వాడేవారికీ ఎదురుకావచ్చు. కార్డు మీద ఆటో రెన్యువల్ పెట్టుకున్నవారికి, రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం డబ్బు తీసేందుకు కనీసం 24 గంటల ముందు సందేశం రావాలి. అది రాగానే కంపెనీ సైటులో మీ విండోస్ పేరు, సర్వీస్ ప్యాక్‌తో సహా ఉందో లేదో చూసి, లేకపోతే ఆటో రెన్యువల్‌కు ఇచ్చిన అనుమతిని (మాండేట్‌ను) బ్యాంకు ద్వారా రద్దు చేసుకోవచ్చు. మేము డబ్బు వాపసు కోసం కంపెనీకి లిఖితపూర్వకంగా రాసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాము. చెల్లింపు పేజీ, దోషం చూపిన తెర, రెండింటి ఫొటోలూ దానికి జత చేశాము. వాపసు ఇంకా రాలేదు.